ఒంటారియో గ్రామీణ ప్రాంతాలలో మంచు తొలగింపు

కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో శీతాకాలమంతా రోడ్లపైనా, కాలిబాటలపైనా పడే మంచును తొలగించి వాటిని రాకపోకలకు అనువుగా ఉంచటం స్థానిక సంస్థల ముఖ్య బాధ్యతలలో ఒకటి. పట్టణాలలో ఈ పనికి ఎక్కువ యంత్రాలు, ఎక్కువ సిబ్బంది ఉంటారు. గ్రామీణ పురపాలక సంఘాలలో జనాభా తక్కువ, రోడ్ల పొడవు ఎక్కువ. అందువలన అక్కడ మంచు తొలగింపు అంటే అన్ని రోడ్లనూ ఒకేసారి శుభ్రం చేయటం కాదు. ఏ రోడ్డును ముందు, ఏ రోడ్డును తరువాత, ఏ కాలిబాటను చివరకు శుభ్రం చేయాలో ముందుగానే నిర్ణయించుకొని ఆ క్రమాన్ని పాటించటం. ఈ క్రమంలో ఎవరు ఎంతసేపు వేచి ఉండాలన్నది రాష్ట్ర నిబంధనలలో గంటలు, సెంటీమీటర్ల లెక్కన వ్రాసి ఉంది.

మంచు రకాలు

తెలుగులో మంచు అనే మాటను పొగమంచుకు, తెల్లవారుజామున గడ్డిపై కనిపించే బిందువులకు, ఆకాశం నుండి రాలే హిమానికి, గడ్డకట్టిన నీటికి కూడా వాడుతారు. రోడ్ల నిర్వహణలో ఈ తేడాలు చాలా ముఖ్యమైనవి. ఈ వ్యాసంలో "మంచు" అంటే దూది పింజలవలె రాలి నేలపై పేరుకొనే హిమం. "మంచుగడ్డ" అంటే గట్టిపడి రోడ్డుకు అంటుకుపోయినది. మంచును పలకతో తోసివేయవచ్చు. మంచుగడ్డను మాత్రం తోయటం కష్టం, కరిగించాలి లేదా దానిపై ఇసుక చల్లాలి. రోడ్డుపై పలుచగా, పారదర్శకంగా ఏర్పడే మంచుగడ్డను "నల్ల మంచు" అంటారు. దాని క్రింద తారు రంగు కనబడుతూ ఉంటుంది కనుక డ్రైవరుకు అది తడిసిన రోడ్డులాగానే తోస్తుంది. వానగా కురిసి, నేలను తాకగానే గడ్డకట్టే "గడ్డకట్టే వాన" అన్నింటికన్నా ప్రమాదకరమైనది. 1998 జనవరిలో తూర్పు ఒంటారియో, క్యుబెక్ ప్రాంతాలలో రోజుల తరబడి కురిసిన ఇటువంటి వాన రోడ్లతోపాటు విద్యుత్ వ్యవస్థను కూడా స్తంభింపజేసింది.

హ్యూరాన్ సరస్సు, జార్జియన్ అఖాతం తీరాన ఉన్న హ్యూరాన్, బ్రూస్, గ్రే కౌంటీలలో మంచు ఎక్కువగా పడుతుంది. చల్లని గాలి ఇంకా గడ్డకట్టని సరస్సు నీటి మీదుగా వీచినపుడు తేమను గ్రహించి, తీరం దాటగానే దానిని మంచుగా కురిపిస్తుంది. ఈ మంచు సన్నని పట్టీలుగా పడుతుంది. ఒక గ్రామంలో ఎదుటి మనిషి కనబడనంతగా కురుస్తుండగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఎండ కాస్తూ ఉండవచ్చు. కనుక మొత్తం జిల్లాకు ఇచ్చే వాతావరణ సూచన ఒక్కటే చాలదు. రోడ్లను స్వయంగా వెళ్ళి చూడవలసిందే.

రోడ్ల యాజమాన్యం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పురపాలక సంఘం అంటే పట్టణమే, పల్లెలకు గ్రామ పంచాయతీలు ఉంటాయి. ఒంటారియోలో పల్లెలు, పొలాలతో కూడిన ప్రాంతానికి కూడా పురపాలక సంఘమే ఉంటుంది. వీటిలో చాలావాటిని టౌన్‌షిప్ అంటారు. రాష్ట్రంలో మొత్తం 444 పురపాలక సంఘాలు ఉన్నాయి. గ్రామీణ ప్రాంతాలలో ఎక్కువ చోట్ల రెండు అంచెల పాలన ఉంటుంది. పై అంచెలో కౌంటీ, క్రింది అంచెలో టౌన్‌షిప్ లేదా చిన్న పట్టణం. కొన్ని చోట్ల ఒకే అంచె ఉంటుంది.

ఈ కారణంగా ఒకే ఊరిగుండా పోయే రోడ్లకు ముగ్గురు వేరువేరు యజమానులు ఉండవచ్చు. ప్రధాన రహదారులను రాష్ట్ర రవాణా శాఖ చూసుకుంటుంది. ఊళ్ళను కలిపే రోడ్లు కౌంటీవి. పొలాల మధ్యనుండి పోయే రోడ్లు, ఊరిలోని వీధులు టౌన్‌షిప్‌వి. మంచు బండి ఒక కూడలి వద్దకు వచ్చి పలక ఎత్తి వెనుకకు తిరిగిపోవటం చూసి కొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపోతుంటారు. అక్కడితో ఆ సంస్థ రోడ్డు ముగిసిందని దాని అర్థం. రెండు టౌన్‌షిప్‌ల సరిహద్దు రోడ్డు విషయంలో ఒక్కొక్కరు ఒక్కొక్క భాగాన్ని చూసుకొనేలా ఒప్పందాలు చేసుకుంటారు.

కాలిబాటల సంగతి మరింత చిక్కైనది. 2001 నాటి పురపాలక చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనట్లయితే, కౌంటీ రోడ్డు ప్రక్కనున్న కాలిబాట బాధ్యత కౌంటీది కాదు, క్రింది అంచెలోని పురపాలక సంఘానిది. అంటే ఊరి ప్రధాన వీధిలో నడుమ భాగాన్ని ఒక సంస్థ, అంచును మరొక సంస్థ శుభ్రం చేస్తాయి. టౌన్‌షిప్ యంత్రం శుభ్రం చేసి వెళ్ళిన కాలిబాటపైకి, ఆ తరువాత వచ్చిన కౌంటీ బండి రోడ్డు మీది మంచును తోసివేయటం జరుగుతూ ఉంటుంది. రెండు సంస్థల పర్యవేక్షకులు వేళలను ముందుగా కలుపుకోకపోతే ఒకే పని రెండుసార్లు చేయవలసి వస్తుంది.

కనీస ప్రమాణాలు

మంచు తొలగింపుకు సంబంధించిన కొలతలు రాష్ట్రం జారీ చేసిన 2002వ సంవత్సరపు 239వ నిబంధనలో ఉన్నాయి. దీనిని "కనీస నిర్వహణ ప్రమాణాలు" అంటారు. రోజుకు సగటున ఎన్ని వాహనాలు వెళతాయి, అనుమతించిన వేగం ఎంత అన్న రెండు అంశాలను బట్టి రోడ్లను 6 తరగతులుగా విభజించారు. ఒక్కొక్క తరగతికి పేరుకోదగిన మంచు లోతు, మంచు కురవటం ఆగిన తరువాత దానిని తొలగించవలసిన గడువు ఈ విధంగా ఉన్నాయి:

1వ తరగతి: 2.5 సెం.మీ., 4 గంటలు
2వ తరగతి: 5 సెం.మీ., 6 గంటలు
3వ తరగతి: 8 సెం.మీ., 12 గంటలు
4వ తరగతి: 8 సెం.మీ., 16 గంటలు
5వ తరగతి: 10 సెం.మీ., 24 గంటలు
6వ తరగతి: ప్రమాణం లేదు
కాలిబాట: 8 సెం.మీ., 48 గంటలు

గ్రామీణ టౌన్‌షిప్ రోడ్లు ఎక్కువగా 4, 5, 6 తరగతులలోకి వస్తాయి. కాలిబాటలకు సంబంధించిన శీతాకాల ప్రమాణం 2018లో చేరింది. దాని ప్రకారం కాలిబాటపై కనీసం 1 మీటరు వెడల్పున దారి ఉండాలి.

ఈ గడువుల విషయంలో రెండు అంశాలను గమనించాలి. మొదటిది, గడువు లెక్క మంచు కురవటం ఆగిన తరువాత మొదలవుతుంది. కురుస్తున్నపుడు, లోతు పరిమితిని మించిందని తెలిసిన వెంటనే వీలైనంత త్వరగా బండ్లను పంపాలి. రెండవది, రోడ్డు నల్లగా కనబడేవరకు శుభ్రం చేయాలని ఈ నిబంధన కోరదు. 5వ తరగతి రోడ్డుపై 10 సెం.మీ. లోపు మంచు మిగిలి ఉన్నా అది ప్రమాణానికి లోబడినట్లే. రెండు వరుసల 4, 5 తరగతుల రోడ్లపై మొత్తం 5 మీటర్ల వెడల్పు శుభ్రం చేసినా చాలు.

అక్టోబరు 1 నుండి ఏప్రిల్ 30 వరకు పురపాలక సంఘం వాతావరణాన్ని, రాబోయే 24 గంటల సూచనను రోజుకు కనీసం మూడుసార్లు పరిశీలించాలి. తీవ్రమైన తుఫాను వచ్చినపుడు "గణనీయ వాతావరణ ఘటన" అని ప్రకటించవచ్చు. అది ముగిసిందని ప్రకటించేవరకు పై గడువులు వర్తించవు.

ఈ ప్రమాణాలు పాటించకపోతే శిక్ష పడుతుందని కాదు. ఎవరైనా ప్రమాదానికి గురై దావా వేసినపుడు, తాము ప్రమాణం ప్రకారమే పనిచేశామని పురపాలక సంఘం నిరూపించుకోగలిగితే అది వారికి రక్షణ అవుతుంది. అందువలన ఏ బండి ఏ రోడ్డుపై ఏ సమయానికి వెళ్ళిందో, ఎంత ఉప్పు చల్లిందో నమోదు చేయటం మంచు తోయటమంత ముఖ్యమైన పనిగా మారింది. ఇపుడు చాలా బండ్లలో ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరాలు ఈ వివరాలను నమోదు చేస్తున్నాయి.

పని జరిగే తీరు

శీతాకాలపు పని తెల్లవారక ముందే మొదలవుతుంది. గస్తీ ఉద్యోగి చీకటిలోనే బయలుదేరి, మంచు ముందుగా పేరుకొనే చోట్లను చూస్తాడు. వంతెనలు, ఎత్తుపల్లాలు, చెట్లు లేని మైదానపు రోడ్లు వీటిలో ముఖ్యమైనవి. వంతెన క్రింద నేల వెచ్చదనం ఉండదు కనుక దానిపై నీరు మిగిలిన రోడ్డుకన్నా ముందే గడ్డకడుతుంది. అతడు ఇచ్చిన సమాచారాన్ని బట్టి డ్రైవర్లను పిలుస్తారు. బడి బస్సులు బయలుదేరే వేళకు కనీసం ఒక్కసారైనా అన్ని ప్రధాన రోడ్లపై బండి తిరగాలన్నది సాధారణ లక్ష్యం.

స్నో ప్లౌ అని పిలిచే మంచు బండి నిజానికి ఒక బరువైన లారీ. దాని ముందు భాగాన వంపు తిరిగిన పెద్ద ఉక్కు పలక, కుడి ప్రక్కన రెక్కలా చాచుకొనే మరొక పలక, వెనుక ఉప్పు లేదా ఇసుక చల్లే యంత్రం ఉంటాయి. ప్రక్క పలక రోడ్డు అంచున ఉన్న మంచును మరింత దూరంగా నెట్టి, తరువాత పడబోయే మంచుకు చోటు కల్పిస్తుంది. కంకర రోడ్లపై నడుమన పలక ఉండే గ్రేడరు యంత్రాలను కూడా వాడుతారు. శీతాకాలం మొదట్లో నేల ఇంకా గట్టిపడి ఉండదు. అపుడు పలకను నేలకు ఆనిస్తే మంచుతోపాటు కంకర కూడా ప్రక్కనున్న కాలువలో పడుతుంది. కనుక పలకను కొద్దిగా ఎత్తి నడుపుతారు. ఈ వాహనాలపై నీలి రంగు దీపం వెలిగి ఆరుతూ ఉంటుంది. వాటిని దాటిపోవటానికి ప్రయత్నించటం చాలా ప్రమాదకరం. బండి లేపిన మంచుధూళిలో ఎదురుగా వచ్చే వాహనం గాని, ప్రక్క పలక గాని కనబడవు.

ఒక బండి ఎంత పని చేయగలదో చిన్న లెక్క ద్వారా తెలుసుకోవచ్చు. ఒక డ్రైవరుకు 40 కి.మీ. రోడ్డు అప్పగించారని అనుకుందాం. రెండు వైపులా తోయాలి కనుక ప్రయాణం 80 కి.మీ. అవుతుంది. గంటకు 30 కి.మీ. వేగంతో పోతే 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఉప్పు నింపుకోవటానికి వెనుకకు వచ్చే సమయం దీనికి అదనం. గంటకు 3 సెం.మీ. చొప్పున మంచు కురుస్తుంటే, అతడు ఒక చుట్టు పూర్తిచేసేసరికి మొదట తోసిన చోట మళ్ళీ 8 సెం.మీ. పేరుకొని ఉంటుంది. "మా రోడ్డుపైకి బండి రానేలేదు" అన్న ఫిర్యాదులలో చాలావాటికి మూలం ఈ లెక్కలోనే ఉంది. బండి వచ్చింది, వెళ్ళింది, మంచు మళ్ళీ పడింది.

బహిరంగ మైదానాలలో కురిసే మంచుకన్నా గాలికి కొట్టుకువచ్చే మంచే ఎక్కువ ఇబ్బంది కలిగిస్తుంది. దీనిని ఆపటానికి రోడ్డుకు దూరంగా పొలాలలో సందులున్న కంచెలు వేస్తారు. కంచె దాటిన తరువాత గాలి వేగం తగ్గి, అందులోని మంచు అక్కడే రాలిపోతుంది. ఈ కుప్ప కంచె ఎత్తుకు సుమారు 35 రెట్ల దూరం వరకు వ్యాపించగలదు. కనుక 1.2 మీటర్ల కంచెను రోడ్డుకు 40 మీటర్లకు పైగా దూరంలో వేయాలి. దగ్గరగా వేస్తే ఆ కుప్ప రోడ్డుమీదనే పడుతుంది. చెట్ల వరుసలు, కోయకుండా విడిచిన మొక్కజొన్న వరుసలు కూడా ఇదే పని చేస్తాయి.

ఎదుట ఏమీ కనబడనంతగా మంచు వీచినపుడు పోలీసులు రోడ్లను మూసివేస్తారు, మంచు బండ్లను కూడా వెనుకకు రప్పిస్తారు. పల్లెలలో దీని ప్రభావం తీవ్రంగా ఉంటుంది. పాడి రైతుల నుండి పాల ట్యాంకర్లు సాధారణంగా రెండు రోజులకొకసారి పాలు సేకరిస్తాయి. రోడ్డు తెరుచుకోకపోతే ట్యాంకు నిండిపోయి పాలను పారబోయవలసి వస్తుంది. ఎవరికైనా ప్రాణాపాయం ఏర్పడితే మంచు బండి ముందు నడిచి ఆంబులెన్సుకు దారి చేయవలసి ఉంటుంది.

ఉప్పు, ఇసుక

ఉప్పు నీటి ఘనీభవన స్థానాన్ని తగ్గిస్తుంది. 23 శాతం ఉప్పు కలిసిన నీరు సుమారు −21 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టదు. కాని రోడ్డుపై పరిస్థితి వేరు. కరిగిన మంచు ఉప్పునీటిని పలుచన చేస్తుంది, చలి పెరిగేకొద్దీ కరిగే వేగం తగ్గుతుంది. అందువలన సుమారు −10 డిగ్రీలకన్నా చల్లగా ఉన్నపుడు మామూలు ఉప్పు వలన ప్రయోజనం తక్కువ. అటువంటపుడు ఇసుక చల్లుతారు. ఇసుక మంచును కరిగించదు, చక్రాలకు పట్టును మాత్రమే ఇస్తుంది. ఇసుక కుప్ప గడ్డకట్టకుండా ఉండేందుకు అందులో కొద్దిగా ఉప్పు కలుపుతారు.

కంకర రోడ్లపై ఉప్పు వాడరు. ఉప్పు వలన పై పొర కరిగి మెత్తబడి రోడ్డు బురదగా మారుతుంది. తారు రోడ్లపై మంచు పడక ముందే ఉప్పునీటిని చారలుగా చల్లే పద్ధతి కూడా ఉంది. దీనివలన మంచు రోడ్డుకు అంటుకోదు, తక్కువ ఉప్పుతో పని జరుగుతుంది. పొడి ఉప్పు చక్రాల తాకిడికి ఎగిరి కాలువలోకి పోతుంది కనుక చల్లేటపుడే దానిని తడుపుతారు. గడ్డకట్టే వానకు ముందు మాత్రం ఉప్పునీరు చల్లరు, వాన దానిని కడిగివేస్తుంది.

ఒంటారియోకు ఉప్పు కొరత లేదు. హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న గోడెరిచ్ పట్టణం వద్ద, సరస్సు అడుగున సుమారు 550 మీటర్ల లోతున ఉన్న గని ప్రపంచంలోని భూగర్భ ఉప్పు గనులలో అతి పెద్దదిగా పేరు పొందింది. ఉప్పు దొరకటం సులభమే కాని, చల్లిన ఉప్పు మాయమైపోదు. అది కాలువలలోకి, వాగులలోకి, భూగర్భ జలంలోకి చేరుతుంది. కెనడా ప్రభుత్వం 2001లో జరిపిన పరిశీలనలో రోడ్డు ఉప్పు పర్యావరణానికి హానికరమని తేలింది. 2004లో వెలువడిన ఆచరణ నియమావళి, ఏడాదికి 500 టన్నులకు పైగా ఉప్పు వాడే సంస్థలు దాని వాడకానికి ప్రణాళిక తయారుచేసుకోవాలని సూచించింది. మంచినీటి జీవుల రక్షణకు దీర్ఘకాలంలో లీటరు నీటికి 120 మి.గ్రా. క్లోరైడు పరిమితి అని 2011 నాటి మార్గదర్శకాలు పేర్కొన్నాయి.

పల్లెలలో చాలా ఇళ్ళకు సొంత బావి నీరే ఆధారం. బావిలోకి ఉప్పు దిగితే గుండె జబ్బు, రక్తపోటు వలన ఉప్పు తగ్గించి తినవలసినవారికి ఇబ్బంది. ఒంటారియోలో సార్వజనిక నీటి సరఫరాలో సోడియం లీటరుకు 20 మి.గ్రా. దాటితే స్థానిక ఆరోగ్యాధికారికి తెలియజేయాలి. ఉప్పు తగ్గిస్తే రోడ్డుపై ప్రమాదం, పెంచితే బావిలో ప్రమాదం. పర్యవేక్షకుడు ప్రతి తుఫానులోనూ ఈ రెండింటి మధ్య నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

కాలిబాటలు

ఊరిలోని కాలిబాటలను ఇరుకైన చిన్న ట్రాక్టరు యంత్రాలతో శుభ్రం చేస్తారు. చిన్న ఊళ్ళలో ఇటువంటి యంత్రం ఒకటి రెండుకు మించి ఉండదు. కనుక బడి, ఆసుపత్రి, వృద్ధాశ్రమం, దుకాణాల వీధి మొదటి వరుసలో ఉంటాయి. కొన్ని ఊళ్ళలో వీధికి ఒక వైపు కాలిబాటను మాత్రమే శుభ్రం చేస్తారు. మరికొన్ని చోట్ల స్థానిక ఉపచట్టం ద్వారా ఇంటి యజమానులే తమ ఇంటి ముందు కాలిబాటను శుభ్రం చేయాలని నిర్దేశించారు. అయితే అటువంటి ఉపచట్టం ఉన్నంత మాత్రాన, కాలిబాటపై జారిపడినవారికి సాధారణంగా ఇంటి యజమాని నష్టపరిహారం ఇవ్వవలసిన బాధ్యత ఉండదని 2000లో ఒంటారియో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది.

కాలిబాట మంచుపై పడి గాయపడినవారికి పురపాలక సంఘం నుండి పరిహారం పొందటం కూడా కష్టమే. "తీవ్ర నిర్లక్ష్యం" నిరూపించగలిగితేనే బాధ్యత ఏర్పడుతుందని పురపాలక చట్టం చెబుతున్నది. సాధారణంగా గాయపడిన 10 రోజులలోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. రోడ్డుపై ప్రయాణించేవారి కన్నా నడిచేవారికి చట్టం ఇచ్చిన రక్షణ తక్కువ అన్నది ఇక్కడ స్పష్టమవుతుంది.

బండి తోసిన మంచు రోడ్డు అంచున గట్టులా పేరుకుపోతుంది. ఇంటి దారికి అడ్డంగా ఏర్పడిన గట్టును సాధారణంగా ఇంటివారే తొలగించుకోవాలి. ఆ మంచును తిరిగి రోడ్డుపైకి వేయటం రాష్ట్ర రహదారి రవాణా చట్టం ప్రకారం నిషిద్ధం. దుకాణాల వీధిలో ఈ గట్టు మరొక సమస్య. దీనిపై బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని నెల్సన్ అనే చిన్న నగరానికి సంబంధించిన కేసు దేశమంతటికీ వర్తించే తీర్పుకు దారితీసింది. 2015 జనవరిలో అక్కడి సిబ్బంది వాహనాలు నిలిపే స్థలాలలోని మంచును తోసి, కాలిబాటకు పోవటానికి సందు విడువకుండా గట్టుగా పోశారు. కారు నిలిపి ఆ గట్టును దాటబోయిన ఒక మహిళ కాలికి తీవ్ర గాయమైంది. మంచు తొలగింపు తమ విధాన నిర్ణయం కనుక దానిపై దావా చెల్లదని నగరం వాదించింది. 2021 అక్టోబరులో కెనడా సుప్రీం కోర్టు ఈ వాదనను త్రోసిపుచ్చి, కేసును తిరిగి విచారించాలని ఆదేశించింది. ఎంత ఖర్చు పెట్టాలి, ఏ రోడ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి అన్న మౌలిక విధాన నిర్ణయాలకు రక్షణ ఉంటుంది గాని, గట్టులో సందు విడవకపోవటం వంటి పనితీరుకు సంబంధించిన విషయాలకు అది వర్తించదని ఈ తీర్పు సారాంశం.

ఖర్చు, పరిమితులు

ఈ పనికి డబ్బు ముఖ్యంగా ఆస్తి పన్ను నుండి వస్తుంది. పురపాలక సంఘం బడ్జెటు జనవరి నుండి డిసెంబరు వరకు ఉంటుంది. కనుక ఒకే బడ్జెటులో ఒక శీతాకాలపు చివరి భాగం, మరొక శీతాకాలపు మొదటి భాగం వస్తాయి. మొదటి నెలలలో మంచు ఎక్కువ పడితే నవంబరు, డిసెంబరులకు డబ్బు మిగలదు. ఇందుకోసం మంచు తక్కువ పడిన ఏడాదిలో మిగిలిన సొమ్మును చాలా సంఘాలు ప్రత్యేక నిధిలో దాచి ఉంచుతాయి.

ప్రమాణాలు ఉన్నప్పటికీ వాటి మధ్య ఉన్న తేడా విమర్శకు గురవుతూనే ఉంది. కార్లు తిరిగే 3వ తరగతి రోడ్డుకు 12 గంటలు గడువైతే, దాని ప్రక్కనే ఉన్న కాలిబాటకు 48 గంటలు. ఈ మధ్యకాలంలో కారు లేనివారు, బడి పిల్లలు, వృద్ధులు శుభ్రమైన రోడ్డుపైకి దిగి వాహనాల ప్రక్కన నడుస్తారు. ప్రమాణం అనుమతించే 8 సెం.మీ. మంచు కారుకు అడ్డంకి కాకపోవచ్చు గాని, చక్రాల కుర్చీ దానిలో కదలదు. అందువలన కొన్ని పురపాలక సంఘాలు కనీస ప్రమాణంతో సరిపెట్టుకోకుండా కాలిబాటలకు అంతకన్నా తక్కువ గడువును స్వయంగా నిర్ణయించుకున్నాయి. అలా చేయటానికి మరొక యంత్రం, మరొక డ్రైవరు కావాలి, వాటి ఖర్చు ఆ ఊరివారి పన్నులోనే చేరుతుంది.